రికార్డు మెట్లు మెట్లుగా ఎందుకు దిగుతుంది?

సూపర్ మారియో బ్రదర్స్ అనే వీడియోగేమ్ 1985లో వచ్చింది. దాన్ని అందరికన్నా తక్కువ టైములో ముగించే పోటీ నేటికీ ఆగలేదు. అలా ఆడటాన్ని స్పీడ్‌రన్ అనీ, ఆడేవాళ్లని రన్నర్లు అనీ అంటారు. 2014లో బ్లబ్లర్ అనే ఆటగాడి రికార్డు 4 నిమిషాల 57.69 సెకన్లు. 2016 అక్టోబరులో డార్బియన్ దాన్ని 4:56.878కి దించాడు. 2021 ఏప్రిల్‌లో నిఫ్ట్‌స్కీ 4:54.948 కొట్టి 4:55 లోపలికి వచ్చిన మొదటివాడయ్యాడు. ఏడేళ్ల సాధన, ఎందరో ఆటగాళ్లు, లెక్కలేనన్ని ప్రయత్నాలు. తగ్గింది మూడు సెకన్లు కూడా కాదు.

ఆ మూడు సెకన్లు ఎక్కడివి? మారియో పరిగెత్తే గరిష్ఠ వేగం అప్పుడెంతో ఇప్పుడూ అంతే. బీ బటన్ నొక్కిపట్టి కుడికి పోవడం పదేళ్ల పిల్లాడికీ తెలుసు. మారిందల్లా ఆట లోపలి లెక్క మీద మనిషికున్న అవగాహన. అందులోనూ ఒక తేడా గమనించాలి. కొత్త కిటుకు బయటపడిన రోజున రికార్డు పడదు. ఆ కిటుకు మనిషి చేతికి లొంగే పద్ధతి దొరికిన రోజున పడుతుంది. రన్నర్లు ఆ పద్ధతిని సెటప్ అంటారు. స్పీడ్‌రన్ చరిత్రంతా నిజానికి సెటప్‌ల చరిత్రే.

అమీర్‌పేటలో రైలు మారినట్టు

ముందు ఫ్రేమ్‌రూల్ సంగతి చూద్దాం. ఇది అర్థమైతే సగం అర్థమైనట్టే. నింటెండో పాత యంత్రం సెకనుకు సుమారు 60 బొమ్మలు గీస్తుంది. ఒక్కో బొమ్మ ఒక ఫ్రేమ్, అంటే దాదాపు 16.6 మిల్లీసెకన్లు. మారియోలో ఒక లెవెల్ పూర్తికాగానే ఆట వెంటనే తర్వాతి లెవెల్‌కి పోదు. ప్రతి 21 ఫ్రేములకోసారి మాత్రమే ‘ఇక కదలొచ్చా?’ అని చూసుకుంటుంది. 21 ఫ్రేములంటే 0.35 సెకను.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగి రాయదుర్గం రైలు పట్టుకునేవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మెట్ల మీద పరుగెత్తి అర నిమిషం ముందే ప్లాట్‌ఫాం చేరారనుకోండి. రైలు దాని టైముకే వస్తుంది, మీ వెనక నింపాదిగా నడిచొచ్చినాయన కూడా అదే రైలెక్కుతాడు. మీ పరుగు వృథా. అదే పరుగుతో అంతకు ముందు రైలు అందుకుంటే మాత్రం ఒక్కసారిగా మూడు నాలుగు నిమిషాలు మిగులుతాయి. మారియోలో లెవెల్ చివర జరిగేది అచ్చం ఇదే. 20 ఫ్రేములు మిగిల్చినా ముందు రైలు అందకపోతే లాభం సున్నా. 21వ ఫ్రేమ్ కూడా మిగిల్చగలిగితే 0.35 సెకను మొత్తంగా చేతికొస్తుంది. రికార్డుల పట్టిక చూస్తే అంకెలు వాలుగా జారకుండా మెట్లలాగా దిగడానికి కారణం ఇది. ఒక్కో మెట్టు ఎత్తు 0.35 సెకను.

దీనివల్ల ఒక మేలు కూడా ఉంది. లెవెల్‌లో చిన్న పొరపాటు జరిగి నాలుగు ఫ్రేములు పోయినా, ఆ రైలుకి పది ఫ్రేముల ముందే వచ్చి ఉంటే ఏ నష్టమూ లేదు. ఎక్కడ తప్పు చేయొచ్చో, ఎక్కడ చేయకూడదో రన్నరుకి కంఠతా ఉంటుంది. 

4-2లో ఏం జరుగుతుంది

రికార్డు రన్‌లో ఆడేది ఎనిమిది లెవెళ్లే. 1-1 (మొదటి ప్రపంచంలో మొదటి లెవెల్), 1-2, అక్కడి నుంచి వార్ప్ (మధ్య లెవెళ్లు దాటించే అడ్డదారి) పట్టుకుని 4-1, 4-2, మళ్లీ వార్ప్ పట్టుకుని 8-1 నుంచి 8-4 దాకా. ఇందులో 4-2 దగ్గర ఆగి నిదానంగా చూడాలి.

మామూలు పద్ధతిలో ఇక్కడ దాగున్న పెట్టెలు బయటికి తెచ్చి, వాటి మీదికెక్కి, ఇటుకని కొట్టి, తీగ పెరిగేదాకా ఆగి, దాన్ని పట్టుకుని పైకెక్కితే ప్రపంచం 8కి వెళ్లే గొట్టం వస్తుంది. తీగ పెరగడానికీ, ఎక్కడానికీ పట్టే టైమంతా దండగ. అయితే ఆట తయారుచేసినవాళ్లు జాగా పొదుపు కోసం ఒక పని చేశారు. ‘ఇక్కడి నుంచి ఎక్కడికి పోవాలి’ అన్న చిరునామాని ఒక్కచోటే దాచారు. తీగకీ, దాని తర్వాత వచ్చే గొట్టానికీ అదే చోటు. తెర కుడికి జరుగుతూ ఒక హద్దు దాటినప్పుడు తీగ చిరునామా చెరిగి గొట్టం చిరునామా వచ్చి కూర్చుంటుంది. మరి తెర ఆ హద్దు దాటకముందే మారియో గొట్టంలో దూరితే? గొట్టం పాత చిరునామానే చదువుతుంది. నాణేల గదికి పోవాల్సిన మారియో నేరుగా వార్ప్ గదిలో తేలతాడు. దీన్ని రాంగ్ వార్ప్ అంటారు.

చిక్కేమిటంటే మారియో పరిగెత్తేటప్పుడు తెర మీద ఎప్పుడూ ఒకే చోట, నడిమికి కాస్త ఎడమగా ఉంటాడు. గొట్టం దగ్గరికి అతను చేరేసరికి తెర హద్దు దాటిపోతుంది. అందుకని తెర కదలకుండా మారియోని మాత్రం సుమారు 20 పిక్సెళ్లు కుడికి జరపాలి. దానికి దారి ఉంది. వెనక్కి తిరిగి గెంతుతూ పెట్టె అంచుకి తగిలితే, మారియో ఇటుకలో ఇరుక్కున్నాడని ఆట అనుకుని అతన్ని పక్కకి నెడుతుంది. ఆ నెట్టుడికి తెర కదలదు. ఒక్కో తాకిడికి కొన్ని పిక్సెళ్లు చొప్పున కూడబెట్టుకోవాలి.

ఇక్కడిదాకా కిటుకు. దీన్ని రన్‌లో వాడాలంటే ఏ పెట్టె అంచున, ఎంత ఎత్తులో, ఏ క్షణాన తగలాలో చేతికి తెలియాలి. ‘ఫలానా ఇటుక మూల మారియో టోపీ దగ్గరికి రాగానే ఎడమ నొక్కి గెంతు’ అని కంటికి కనిపించే గుర్తు పెట్టుకోవాలి. రోజూ మెట్రో ఎక్కేవాళ్లు అమీర్‌పేట ఎస్కలేటరుకి ఎదురుగా ఏ తలుపు తెరుచుకుంటుందో చూసుకుని ఎల్బీనగర్‌లోనే ఆ తలుపు దగ్గర నిలబడతారు చూడండి, అదీ సెటప్. వాళ్లకి అదనపు వేగమేమీ లేదు, నిలబడే చోటు తెలుసు, అంతే. కీలెరిగి వాత పెట్టడమంటే ఇదే. 4-2లో తాకిడుల సంఖ్య తగ్గిస్తూ, వేగం పోకుండా తగిలే చోట్లు వెతుకుతూ సెటప్‌ని ఏళ్ల తరబడి సానపట్టారు. 2023 సెప్టెంబరులో నిఫ్ట్‌స్కీ 4:54.631 సాధించిన రన్‌లో ఈ లెవెల్ అందరూ అసాధ్యమనుకున్న ఫ్రేమ్‌రూల్ అందుకుంది. ఆ రన్‌ని నేను గొప్పదనేది ముఖ్యంగా ఈ లెవెల్ వల్లనే.

జెండా కర్ర గ్లిచ్ (ఆటలోని లోపాన్ని వాడుకునే కిటుకు) కూడా ఇదే కోవలోది. లెవెల్ చివర కర్ర అడుగున ఉన్న దిమ్మెలోకి మారియో కాస్త ఇరుక్కునేలా తగిలితే, జెండా కిందికి జారే తతంగం తప్పిపోతుంది. మొదట్లో రన్నర్లు దీన్ని ఎప్పుడో ఒకసారి అదృష్టం కొద్దీ పడేదిగా చూశారు. ఇప్పుడు పైవరసలో ఉండేవాళ్లకి 1-1లో అది పడకపోతే రన్ అక్కడే ఆపేస్తారు.

యంత్రం ముందు, మనిషి వెనక

అసాధ్యమో కాదో ముందుగా ఎలా తెలుస్తుంది? దానికి టాస్ (TAS, సాధనాల సాయంతో చేసే స్పీడ్‌రన్) ఉంది. ఆటని ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాంలో) ఒక్కో ఫ్రేమూ ఆపుతూ, తప్పయితే వెనక్కి వచ్చి మార్చుకుంటూ, బటన్ల జాబితా ఒకటి తయారుచేస్తారు. దాన్ని యంత్రం ఆడుతుంది. చేతి వణుకు లేదు, అలసట లేదు. అది మనుషుల రికార్డుల్లో కలవదు, పటంలా పనికొస్తుంది. టాస్‌ని చూసి రన్నర్లు అడిగేది ఒకటే: ఈ పనికి ఎన్ని ఫ్రేముల వెసులుబాటు ఉంది? ఒక్క ఫ్రేమే అయితే పక్కన పెడతారు. ఎవరో ఒకరు వేరే చోట నుంచి మొదలుపెట్టి, దానికి రెండు మూడు ఫ్రేముల వెసులుబాటు తెస్తారు. అప్పుడు అది రన్‌లోకి వస్తుంది. ఈ మధ్యలో ఒక్కోసారి పదేళ్లు గడిచిపోతాయి.

పైన చెప్పిన 4:54.631 రన్ 8-3 దాకా టాస్‌తో సమానంగా వచ్చింది. తేడా అంతా 8-4లోనే, 22 ఫ్రేములు. ఈ చివరి లెవెల్‌కి ఫ్రేమ్‌రూల్ లేదు, చివర ఉండే గొడ్డలి తాకగానే గడియారం ఆగిపోతుంది. అందుకే ఆ తర్వాత రికార్డు తగ్గింపులు మెట్లలా కాకుండా కొద్ది ఫ్రేముల చొప్పున, చిల్లర పైసల్లా వస్తున్నాయి.

కొత్త కిటుకు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో లెక్క. ఎనిమిది లెవెళ్లలో ఒక్కోటీ 80 శాతం నమ్మకంగా ఆడే మనిషి ఎనిమిదీ వరసగా దాటే అవకాశం 17 శాతమే. దానికి పదిసార్లలో ఒకసారి పడే కిటుకు జోడిస్తే 1.7 శాతానికి పడిపోతుంది. ఆ కిటుకు మొదటి 30 సెకన్లలో ఉంటే తొమ్మిదిసార్లు తప్పినా పోయేది నాలుగున్నర నిమిషాలు. చివరి లెవెల్‌లో ఉంటే అక్కడిదాకా ఈదుకొచ్చిన తొమ్మిది రన్‌లు, అంటే 45 నిమిషాల మంచి ఆట బూడిదవుతుంది, దారిలో చచ్చిపోయిన రన్‌లు దీనికి అదనం. కాబట్టి 0.35 సెకను మిగిల్చే కిటుకే అయినా మొదట్లో ఉన్నదాన్ని తొందరగా స్వీకరిస్తారు, చివర్లో ఉన్నదాన్ని రికార్డు గత్యంతరం లేనంత బిగిసిపోయాకే ముట్టుకుంటారు.

రికార్డు కుప్పకూలినప్పుడు

అన్ని ఆటలూ మారియోలా పిసినారివి కావు. క్వేక్ ఆటని మొత్తంగా, అత్యంత కష్టమైన స్థాయిలో పూర్తిచేసిన వీడియో 1997 జూన్‌లో వచ్చింది, 19 నిమిషాల 49 సెకన్లు. ఆ ఏడాది సెప్టెంబరుకే 16:35. 2000 సెప్టెంబరుకి 12:23. మధ్యలో వచ్చిన ముఖ్యమైన మార్పు బన్నీహాపింగ్. గెంతుతూ గాల్లో ఉండగా పక్క బటన్‌నీ మౌస్‌నీ ఒకే వైపుకి లయగా తిప్పితే వేగం హద్దు మీరుతుంది. ఒక లెవెల్‌లో ఒక మూల దొరికిన కిటుకు ఆ మూలకే పరిమితం. కదలిక తీరే మారితే ఆటలోని ప్రతి లెవెల్ దారీ మళ్లీ మొదటి నుంచి గీయాల్సొస్తుంది.

సూపర్ మారియో 64లోనూ అంతే. ఆటలో 120 నక్షత్రాలు, మామూలుగా ముగించడానికి 70 కావాలి. మారియో లాంగ్ జంప్ చేసిన ప్రతిసారీ ఆట అతని వేగాన్ని 1.5తో హెచ్చిస్తుంది. ముందుకైతే 48 దగ్గర ఆపుతుంది. వెనక్కి వెళ్తున్నప్పుడు ఆపాలన్న ఆలోచన ప్రోగ్రాం రాసినవాళ్లకి రాలేదు. మెట్ల మీద వీపు పెట్టి వెనక్కి వరసగా గెంతితే పది గెంతుల్లో లెక్క ప్రకారం 57 రెట్లు. ఆట గోడని ఒక ఫ్రేమ్‌లో నాలుగుసార్లే పరీక్షిస్తుంది. రెండు పరీక్షల మధ్యే గోడ దాటిపోయేంత వేగం వస్తే తలుపున్నా లేనట్టే. ఇలా 70 కాస్తా 16కి వచ్చింది, అదీ 15 నక్షత్రాలకి కనిపించే కుందేలుని తలుపుకి ఆనించి దూరడం వల్ల. తర్వాత 1, చివరికి 0. నింటెండో 1997లో జపాన్‌లో విడుదల చేసిన షిండో ప్రతిలో ఈ లోపం సరిచేసింది. అందుకే ఏ ప్రతి మీద ఆడారన్నది రన్ వివరాల్లో తప్పకుండా రాస్తారు.

ఒకరి ఆవిష్కరణ పాత రికార్డులన్నిటినీ పనికిరాకుండా చేస్తే, ఆ ఆటని ప్రేమించి ఆడినవాళ్ల గతి? దీనికి కేటగిరీలు వచ్చాయి. ఎలాగైనా సరే ముగించు అంటే ఎనీ పర్సెంట్. 120 నక్షత్రాలు, 70, 16, 1, 0 దేనికదే వేరే పోటీ. 16 నక్షత్రాల దారి ఇవాళ అందరికన్నా వేగమైనది కాదు. అయినా ఆడటానికి హాయిగా ఉంటుందని వేలమంది దాన్నే ఆడుతున్నారు. ఇది మంచి నిర్ణయమని నా అభిప్రాయం.

జెల్డా ఒకరినా ఆఫ్ టైమ్ అనే ఆట ఇంకో అడుగు ముందుకెళ్లింది. 2012లో రాంగ్ వార్ప్‌తో మొదటి గుహ నుంచి చివరి కోట కూలే ఘట్టానికి దూకే దారి దొరికింది. ఏళ్ల సాధనతో రన్ 17 నిమిషాల దగ్గరికి వచ్చింది. 2019 చివర్లో ఇంకొకటి బయటపడింది. ఆ ఆట కథానాయకుడు లింక్ చేతిలో పట్టుకున్న వస్తువుని ఆట మెమరీ నుంచి తీసేసినా, ‘చేతిలో ఫలానా చోట ఉన్నది పట్టుకున్నాడు’ అన్న చిరునామా మాత్రం మిగిలిపోతుంది. లింక్ కదిలితే ఆ చిరునామాలో ఇప్పుడున్నది ఏదైనా సరే, దాని మీద అతని దిశకి సంబంధించిన అంకెలు రాసేస్తుంది. ఇల్లు ఖాళీ చేసినవాడి దగ్గర తాళంచెవి మిగిలినట్టు. అలా ఆటకి కొత్త ఆదేశాలే రాయొచ్చు, అందుకు ఆటగాడు మొదట్లో తన పేరుగా కొట్టిన అక్షరాలు కూడా ఆదేశాలుగా పనికొస్తాయి. రన్ నాలుగు నిమిషాల లోపుకి పడిపోయింది.

మైన్‌క్రాఫ్ట్: అదృష్టాన్ని లెక్కగట్టడం

హైదరాబాద్‌లో ఇవాళ పిల్లలకి మారియో కన్నా బాగా తెలిసింది మైన్‌క్రాఫ్ట్. ఇక్కడ ప్రతి ప్రపంచమూ కొత్తదే, దారి కంఠతా పెట్టడం కుదరదు. మరి రికార్డు ఎలా తగ్గుతుంది?

ఆట ముగియాలంటే ఎండ్ అనే చివరి లోకానికి చేరాలి, దాని ద్వారం వెతికి తెరిచే ‘కన్ను’ చేయడానికి ఎండర్ ముత్యాలు కావాలి. 2020 జూన్‌లో వచ్చిన 1.16 ప్రతిలో పిగ్లిన్‌లకి (పందిముఖం జీవులకి) బంగారు కడ్డీ ఇస్తే ఏదో ఒకటి తిరిగిస్తాయి. 1.16.1లో ఎండర్ ముత్యాలు వచ్చే అవకాశం 423లో 20, వస్తే 4 నుంచి 8. సగటు 6 వేసుకుంటే, 12 ముత్యాలకి సుమారు 42 కడ్డీలు. తర్వాతి 1.16.2లో దాన్ని 459లో 10 చేసి, ముత్యాలని 2 నుంచి 4కి తగ్గించారు. అప్పుడదే 12 ముత్యాలకి 180 పైచిలుకు కడ్డీలు కావాలి. కొత్త ప్రతులు ఎన్నొచ్చినా రన్నర్లు 1.16.1నే పట్టుకుని ఉండటానికి కారణం ఈ లెక్కే.

ఎండ్ ద్వారం ఉన్న కోటని వెతకడంలోనూ ఇలాంటి మార్పే వచ్చింది. పాత పద్ధతి: కన్ను విసురు, అది ఎగిరిన వైపు పరిగెత్తు, మళ్లీ విసురు. ఇప్పుడు కన్ను ఎగిరిన కోణాన్ని ఎఫ్3, సీ నొక్కి కాపీ చేస్తారు. మొదటి వలయంలో మూడు కోటలు, కేంద్రం నుంచి 1280 నుంచి 2816 గడుల దూరంలో, దాదాపు 120 డిగ్రీల ఎడంతో ఉంటాయని ఆట కోడ్‌లోనే ఉంది. ఆ కోణాన్నీ ఈ నియమాన్నీ కలిపి నింజాబ్రెయిన్ బాట్ లాంటి లెక్కింపు సాధనం కోట ఎక్కడుందో సంభావ్యతతో సహా చెబుతుంది. బాగా కొలిస్తే ఒకటి రెండు విసుర్లు చాలు. తప్పు జరిగేది కొలతలోనే: గురి కన్ను నడిమికి అరగడి పక్కన ఉన్నా వెయ్యి గడుల దూరంలో వేరే చోటు చూపిస్తుంది. అందుకని కొలిచేటప్పుడు మౌస్ వేగం బాగా తగ్గిస్తారు. 2021లో ఈ రన్ పది నిమిషాల లోపుకి వచ్చింది.

నిజమని ఎలా నమ్మాలి

కోడ్ చదవడం వల్ల రికార్డులు పుట్టడమే కాదు, పోయాయి కూడా. 1980 నాటి డ్రాగ్‌స్టర్ అనే కారు పందెం ఆటలో టాడ్ రోజర్స్ పేరిట 5.51 సెకన్ల రికార్డు 1982 నుంచి ఉండేది. ఎరిక్ కోజియెల్ 2017లో ఆ ఆట కోడ్‌ని విప్పి, సాధ్యమైన బటన్ల వరసలు లెక్కగట్టి, 5.57 కన్నా తక్కువ కుదరదని చూపాడు. ఆ ఆట గడియారం ఒక్కో అడుగూ దాదాపు 0.03 సెకను, కాబట్టి 5.51 అంటే హద్దుకి రెండడుగులు అవతల. 2018 జనవరిలో, వీడియోగేమ్ రికార్డులు నమోదు చేసే ట్విన్ గెలాక్సీస్ సంస్థ ఆ రికార్డుని తొలగించింది.

ఇక్కడ మొదలుపెట్టేవాళ్లకి

మన దగ్గర 1990లలో టీవీకి తగిలించి ఆడిన నకలు యంత్రాల్లో చాలావాటిని పాల్ (PAL) పద్ధతి టీవీల కోసం సెకనుకి 50 ఫ్రేములకి చేశారు. అమెరికా, జపాన్ ప్రతి 60కి చేసింది. అదే క్యాసెట్ వీటిలో పెడితే మారియో ఆరో వంతు నెమ్మదిగా నడుస్తాడు. 4:55 రన్ 5:54 దాకా సాగుతుంది. కాబట్టి చిన్నప్పటి చేతి లయ పనికిరాదు. ముందు అమెరికా ప్రతితో 60 ఫ్రేముల మీద అలవాటు చేసుకోవాలి.

టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. అది లేకపోతే బొమ్మని నునుపు చేయడానికి టీవీ కొన్ని ఫ్రేములు ఆలస్యం చేస్తుంది, రెండు ఫ్రేముల కిటుకుకి ఆ ఆలస్యమే చావుదెబ్బ. స్థిరమైన ఆలస్యానికి చేయి అలవాటు పడుతుంది. ఒకసారి రెండు, ఒకసారి నాలుగు ఫ్రేములైతే ఎంత సాధన చేసినా పడదు. అందుకే బ్లూటూత్ కన్నా తీగ ఉన్న కంట్రోలర్ మేలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో కొనేటప్పుడు డీ-ప్యాడ్‌ని (నాలుగు దిశల బటన్‌ని) గట్టిగా ఎడమకి నొక్కి చూడండి. కుడి కూడా తగులుతుంటే లోపలి రబ్బరు అరిగినట్టు. మారియోలో ఎడమ, కుడి ఒకేసారి పడితే అక్రమ వేగం వస్తుంది, ఆ రన్‌ని తిరస్కరిస్తారు.

లైవ్‌స్ప్లిట్ అనే టైమర్ ప్రోగ్రాంతో ఒక్కో లెవెల్ టైము విడిగా నమోదు చేయండి. అది చూపించే ‘ఉత్తమ ముక్కల మొత్తం’ అంకెని లక్ష్యంగా పెట్టుకోవద్దు. అవన్నీ వేర్వేరు రోజుల్లో, వేర్వేరు రిస్కులతో పడిన ముక్కలు. ఇరవై ప్రయత్నాల సగటు చూసి, ఎక్కడ చెదురుగా ఉందో అక్కడ ప్రాక్టీస్ రోమ్‌లో (సాధన కోసం మార్చిన ఆట ప్రతిలో) ఆ ఒక్క లెవెల్నే ఆడండి. ఫ్రేమ్‌రూల్‌కి ఎన్ని ఫ్రేముల ముందొచ్చారో అది తెర మీద చూపిస్తుంది. జెండా కర్ర గ్లిచ్ పదిలో ఏడుసార్లు పడేదాకా రన్‌లో పెట్టవద్దు.

రన్ మొత్తం 60 ఫ్రేములకి రికార్డు అయ్యేలా ఓబీఎస్ (తెరని వీడియో తీసే ప్రోగ్రాం) సెట్టింగ్ చూసుకోండి. 30 పెడితే ఫ్రేమ్ లెక్కించడం కుదరదు, ఎంత బాగా ఆడినా నిరూపించలేరు. ఎప్పుడైనా ఆట మీరనుకోని పని చేస్తే, ఆ క్లిప్‌ని చెరిపేయకండి. ఏ ప్రతి, ఏ లెవెల్, దానికి రెండు సెకన్ల ముందు ఏ బటన్లు నొక్కారో అప్పుడే రాసి, ఆ ఆట రన్నర్ల గుంపులో పెట్టండి. మీరు మళ్లీ చేయలేకపోయినా, టాస్ చేసేవాళ్లు ఆ రెండు సెకన్లని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా తిరగేసి కారణం పట్టుకుంటారు.